కారు వ్రాసే అభ్యంతరం చీటీ
(ఆటోమేటిక్ గేరుబాక్సు, దాని కోడ్ల చరిత్ర)

మన సంఘ సభ్యుల ఇళ్లలో ఈమధ్య "గేర్లు లేని కారు" తరచుగా కనిపిస్తున్నది. మోకాళ్ల నొప్పులు వచ్చాక క్లచ్చి తొక్కడం కష్టమని పిల్లలు కొనిపెట్టినవి కొన్ని, పట్నాల రద్దీ భరించలేక మనమే మార్చుకున్నవి కొన్ని. నిజానికి ఆ కారులో గేర్లు లేకపోలేదు. వాటిని మార్చే పనిని మన చేతి నుండి, కాలి నుండి తప్పించి యంత్రానికి అప్పగించారు, అంతే. ఆ యంత్రానికి ఏదైనా ఇబ్బంది కలిగితే డ్రైవరు ఎదుట పసుపుపచ్చ దీపం ఒకటి వెలుగుతుంది. వర్కుషాపుకు తీసుకువెళితే ఒక చిన్న పరికరం తగిలించి "పి-0700 వచ్చిందండీ" అంటారు. మనం తల ఊపుతాము. తరువాత ఎస్టిమేటు చూసి తల పట్టుకుంటాము.

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల చరిత్ర, ఆలయాల చరిత్ర వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఖజానా శాఖలో 34 సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసి 2008లో పదవీ విరమణ చేసినవాడిని. ఇంజనీరింగు చదువు లేదు. అయితే మా రెండో అబ్బాయి ఉద్యోగరీత్యా అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఉండడం వల్ల నేనూ, మా ఆవిడా మూడుసార్లు వెళ్లి ఆరేసి నెలలు ఉన్నాము. ఆ రాష్ట్రం అమెరికా మోటారు పరిశ్రమకు పుట్టినిల్లు. పగటిపూట అబ్బాయీ కోడలూ ఉద్యోగాలకు, మనుమలు బడికి వెళ్లిపోతే నాకు దగ్గరలో ఉన్న పబ్లిక్ లైబ్రరీయే కాలక్షేపం. అక్కడ మోటారు కార్ల పుస్తకాలకు బీరువాలు బీరువాలు ఉన్నాయి. చదివిన కొద్దీ నాకు తోచినది ఇది: కారు ఇచ్చే ఆ నంబరు మనం జీవితమంతా చూసిన ఆఫీసు కాగితానికి దగ్గర చుట్టం. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవారు అనవసరంగా భయపడనక్కరలేదు, అనవసరంగా డబ్బు కట్టనక్కరలేదు.

నూనెతో ఆలోచించిన యంత్రం

మోటారు ఇంజను ఎద్దు వంటిది కాదు. ఎద్దు నిలబడిన చోటు నుండే బలంగా లాగగలదు. ఇంజను కొంత వేగంతో తిరుగుతున్నప్పుడు మాత్రమే బలం ఇవ్వగలదు. అందుకని బండి కదిలేటప్పుడు ఒక గేరు, పరుగెత్తేటప్పుడు మరొక గేరు కావలసివచ్చాయి. గేరు మార్చే ప్రతిసారీ ఇంజనునూ చక్రాలనూ క్షణకాలం విడదీయడానికి క్లచ్చి వచ్చింది. తొలినాటి కార్లలో గేరు మార్చడమంటే పళ్లు కరకరలాడే పని. ఎర్ల్ థామ్సన్ అనే అమెరికను ఇంజనీరు పళ్లు మెత్తగా కలిసే "సింక్రోమెష్" పద్ధతిని కనిపెట్టగా, 1928లో కేడిలాక్ కార్లలో అది మొదటగా వచ్చింది. అంతటితో ఆయన ఆగలేదు. అసలు మనిషి గేరు మార్చవలసిన అవసరమే లేకుండా చేయాలని జనరల్ మోటార్స్‌లో ఆయన నాయకత్వాన ఒక బృందం పూనుకున్నది. దాని ఫలితమే "హైడ్రా-మాటిక్". 1939లో ప్రకటించి, 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో అమ్మారు. పెద్ద సంఖ్యలో తయారైన మొట్టమొదటి పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సు అదే.

దీని కీలకం అంతకు ముందే జర్మనీలో పుట్టింది. హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజనీరు ఓడల కోసం 1905లో పేటెంటు పొందిన సూత్రం అది. రెండు బల్ల ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికి మాత్రమే కరెంటు ఇస్తే, దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలికి బదులు నూనె పోసి, రెండింటినీ ఒక డబ్బాలో బిగిస్తే అదే ఫ్లూయిడ్ కప్లింగు. ఇంజను ఒక పంకాను తిప్పుతుంది, నూనె రెండోదానిని తిప్పుతుంది. కారు ఆగినప్పుడు నూనె జారుతుంది గనుక ఇంజను ఆగిపోదు, క్లచ్చి అక్కరలేదు. తరువాత 1948లో బ్యూయిక్ వారు తెచ్చిన "డైనాఫ్లో"లో దీనికంటే మెరుగైన టార్క్ కన్వర్టరు వచ్చింది. ఇది కదిలే ముందు లాగే బలాన్ని పెంచి ఇస్తుంది.

మరి ఏ గేరు ఎప్పుడు పడాలో నిర్ణయించేది ఎవరు? ఆ రోజుల్లో కంప్యూటరు లేదు. గేరుబాక్సు అడుగున ఒక లోహపు దిమ్మెలో సన్నని నూనె కాలువలు తొలిచారు. మన డెల్టా కాలువల మీద లాకులు, తూములు ఉన్నట్లుగా వాటి మీద కవాటాలు అమర్చారు. కారు వేగాన్నిబట్టి ఒక వైపు నుండి, యాక్సిలరేటరు తొక్కుడునుబట్టి మరొక వైపు నుండి నూనె ఒత్తిడి వచ్చి కవాటాన్ని నెడుతుంది. ఎటు ఒత్తిడి ఎక్కువైతే అటు తూము తెరుచుకుంటుంది, ఆ గేరు పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వారి ఎం-5 తేలిక టాంకులలో రెండేసి కేడిలాక్ ఇంజన్లతో పాటు ఇవే హైడ్రా-మాటిక్‌లు బిగించారంటే వాటి గట్టిదనం ఊహించవచ్చు.

ఆ కాలపు మెకానిక్ నాడి పట్టి చూసే వైద్యుని వంటివాడు. డిప్‌స్టిక్కు తీసి నూనె రంగు చూసేవాడు. ఎర్రగా ఉంటే మంచిది, గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే లోపలి క్లచ్చి పలకలు కాలుతున్నట్లు. తరువాత ఒత్తిడి మీటరు బిగించేవాడు. కారును నడిపి ఏ గేరులో జారుతున్నదో కాలికిందే గ్రహించేవాడు. ఈ నూనె విషయంలో ఒక విచిత్రం చెప్పాలి. 1970ల ఆరంభం దాకా అందులో స్పెర్మ్ తిమింగలం నుండి తీసిన నూనె కూడా కలిపేవారు. ఆ జీవిని అమెరికా ప్రభుత్వం రక్షిత జాబితాలో చేర్చిన తరువాత ప్రత్యామ్నాయాలు వెదకవలసివచ్చింది. గేరుబాక్సుకు నూనె ఎంత ప్రాణమో దీనినిబట్టి తెలుస్తుంది.

పొగ తెచ్చిన లెక్క

కోడ్లు గేరుబాక్సు బాగుచేయడానికి పుట్టలేదు. గాలి బాగుచేయడానికి పుట్టాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది.

1943 వేసవిలో లాస్ ఏంజెలిస్ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్ముకున్నది. శత్రువులు విషవాయువు వదిలారేమోనని కూడా కొందరు భయపడ్డారట. అది ఎక్కడిదో చాలాకాలం తేలలేదు. 1950ల ఆరంభంలో కాల్‌టెక్ విద్యాసంస్థలో రసాయన శాస్త్రజ్ఞుడు ఆరీ హాగన్-స్మిట్ ఆ గుట్టు విప్పారు. కార్ల నుండి, చమురు శుద్ధి కర్మాగారాల నుండి వచ్చే ఆవిర్లు ఎండలో మార్పుచెంది ఆ పొగగా తయారవుతున్నాయని నిరూపించారు. 1967లో కాలిఫోర్నియా రాష్ట్రం వాయు వనరుల బోర్డును ఏర్పాటు చేసినప్పుడు ఆయనే దానికి మొదటి అధ్యక్షులు. 1970లో అమెరికా అంతటికీ పరిశుభ్ర వాయు చట్టం గట్టిపడింది. 1975 మోడలు నుండి అక్కడి కార్లలో చాలా వాటికి పొగ గొట్టంలో కేటలిటిక్ కన్వర్టరు వచ్చింది. ఈ లోపల 1973లో చమురు సంక్షోభం వచ్చి, పెట్రోలు పొదుపు కూడా తప్పనిసరి అయింది.

ఇన్ని లెక్కలు నూనె కాలువలతోనూ, కార్బురేటరు సూదులతోనూ సాధ్యం కాలేదు. అందుకని ఇంజను దగ్గరకు కంప్యూటరు వచ్చింది. 1981 నాటికి జనరల్ మోటార్స్ వారి అమెరికా పెట్రోలు కార్లన్నిటిలోనూ కంప్యూటరు ఉన్నది. కంప్యూటరు వచ్చాక దానికి లోపం కనిపిస్తే ఎక్కడో ఒకచోట నమోదు చేసుకోవడం మొదలైంది. ఆ నమోదును బయటకు తీసే పద్ధతి చదివి నేను లైబ్రరీలో ఒక్కడినే నవ్వుకున్నాను. డ్యాష్‌బోర్డు కింద ఒక సాకెట్టు ఉంటుంది. అందులో 'ఎ', 'బి' అనే రెండు రంధ్రాలను ఒక జెమ్ క్లిప్పుతో కలపాలి. మన ఆఫీసుల్లో కాగితాలు గుచ్చే జెమ్ క్లిప్పే. అప్పుడు "చెక్ ఇంజన్" దీపం మినుకుమినుకుమంటుంది. ఒకసారి వెలిగి, ఆగి, మళ్లీ రెండుసార్లు వెలిగితే అది 12వ నంబరు, అంటే పద్ధతి సరిగా పనిచేస్తున్నదని అర్థం. రెండు, నాలుగు అయితే 24వ నంబరు, అంటే కారు వేగం తెలిపే సెన్సారు దగ్గర లోపం.

చిక్కు ఏమిటంటే కంపెనీకొక భాష. ఒకరి 24 మరొకరికి వేరే లోపం. ఒకరికి క్లిప్పు పెట్టాలి, మరొకరికి తాళంచెవి మూడుసార్లు తిప్పాలి. ఒక జిల్లా ఖజానా వ్రాసిన పద్దు మరొక జిల్లాకు అర్థం కాకపోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. కాలిఫోర్నియా వారు 1988 మోడలు నుండి ప్రతి కారు తన కాలుష్య నియంత్రణ లోపాలను తానే కనిపెట్టి దీపం వెలిగించాలని నియమం పెట్టారు. దానిని ఓబీడీ-1 అన్నారు. కాని భాష మాత్రం ఎవరిది వారిదే.

గేరుబాక్సుకు మెదడు

ఇదే కాలంలో గేరుబాక్సు కూడా మారింది. నూనె కాలువలు, కవాటాలు అలాగే ఉన్నాయి. కవాటాన్ని నెట్టే పని మాత్రం సోలినాయిడ్లకు వచ్చింది. సోలినాయిడు అంటే తీగచుట్ట, నడుమ ఇనుప కడ్డీ. కరెంటు ఇస్తే కడ్డీ కదిలి నూనె దారి తెరుస్తుంది. ఎప్పుడు కరెంటు ఇవ్వాలో కంప్యూటరు చెబుతుంది. అది చెప్పాలంటే దానికి కబురు అందాలి గనుక గేరుబాక్సులోకి వచ్చే వేగానికి ఒక సెన్సారు, బయటకు పోయే వేగానికి ఒక సెన్సారు, నూనె వేడికి ఒకటి పెట్టారు.

1989 మోడలులో క్రైస్లర్ వారు తెచ్చిన నాలుగు గేర్ల ఎ-604 ఇందులో ముందడుగు. గేర్ల మార్పు పూర్తిగా కంప్యూటరు చేతిలో పెట్టిన యంత్రం అది. తనలో లోపం కనిపిస్తే మిగతా గేర్లు మానివేసి రెండో గేరులోనే ఉండిపోయేది. కుంటుకుంటూ ఇల్లు చేరడానికి ఏర్పాటు అన్నమాట. ఈ రక్షణ పద్ధతి నేటి కార్లలోనూ ఉన్నది. ఆ గేరుబాక్సు తొలి సంవత్సరాలలో చాలా అపఖ్యాతి మూటకట్టుకున్నది. కారణాలలో ఒకటి నూనె. దానికి కంపెనీ ప్రత్యేక నూనె కావాలి. కాని యజమానులకు ఇచ్చిన సూచనలలోనే సాధారణ డెక్స్‌రాన్ నూనె కూడా పనికివస్తుందని ఉండేది. అది పోసిన చాలా కార్లలో వణుకు మొదలై గేరుబాక్సు పాడయింది. ఎంత తెలివైన కంప్యూటరు పెట్టినా తప్పు నూనె పోస్తే అది చేయగలిగినది దీపం వెలిగించడమే.

అందరికీ ఒకే భాష

1990లో పరిశుభ్ర వాయు చట్టానికి సవరణలు వచ్చాయి. 1996 మోడలు నుండి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. స్టీరింగు దిగువన ఒకే ఆకారంలో 16 పిన్నుల సాకెట్టు, అందరికీ ఒకే అక్షరమాల. ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం తయారుచేసిన ఆ కోడులో అయిదు స్థానాలు ఉంటాయి. మన పద్దుల వర్గీకరణలో మేజరు హెడ్డు, మైనరు హెడ్డు ఉన్నట్లే.

మొదటి అక్షరం శాఖ. 'పి' అంటే ఇంజను, గేరుబాక్సు. 'బి' అంటే కారు బాడీ, 'సి' అంటే బ్రేకులు మొదలైనవి, 'యు' అంటే కంప్యూటర్ల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు. రెండో స్థానంలో సున్న ఉంటే అన్ని కంపెనీలకూ సమానమైన అర్థం. ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత అర్థం. మూడో స్థానంలో 7, 8, 9 ఉంటే అది గేరుబాక్సు సెక్షను. చివరి రెండూ లోపం వివరం.

గేరుబాక్సు సెక్షను కాలుష్యం జాబితాలోకి ఎందుకు వచ్చిందని సందేహం రావచ్చు. గేరు సరిగా పడకపోతే ఇంజను అక్కరలేనంత వేగంగా తిరుగుతుంది. పెట్రోలు ఎక్కువ కాలుతుంది, పొగ పెరుగుతుంది. టార్క్ కన్వర్టరులో నూనె జారే నష్టాన్ని తప్పించడానికి ఒక లాకు క్లచ్చి ఉంటుంది. 1949లో పాకార్డ్ వారు మొదట పెట్టిన ఈ ఏర్పాటు కొంతకాలం మరుగునపడి, చమురు సంక్షోభం తరువాత 1978లో క్రైస్లర్ కార్లలో మళ్లీ వచ్చింది. ఆ లాకు కరెంటు దారిలో తేడా వస్తే నేడు కనిపించే కోడే పి-0740.

చీటీ చదివే పద్ధతి

ఖజానాలో మేము బిల్లు తిప్పి పంపేటప్పుడు అభ్యంతరం చీటీ జతచేసేవాళ్లం. "ఇంక్రిమెంటు సర్టిఫికెట్టు జతపరచలేదు", "అంకెలకు, అక్షరాలకు తేడా ఉన్నది" అని అందులో ఉండేది. ఆ చీటీ చూసి ఏ డ్రాయింగు అధికారీ బిల్లు వ్రాసిన గుమాస్తాను ఉద్యోగం నుండి తీసివేయడు. ఫైలు తెప్పించుకుని చూస్తాడు. సర్టిఫికెట్టు లేకనే పోవచ్చు, ఉండి మరో కాగితం వెనుక ఇరుక్కుని ఉండవచ్చు. కారు కోడు కూడా అభ్యంతరం చీటీయే. ఎక్కడ లెక్క కుదరలేదో చెబుతుంది. ఎందుకు కుదరలేదో మనిషి వెదకాలి.

పి-0700నే తీసుకోండి. దానికి సొంత సమాచారం ఏమీ లేదు. "గేరుబాక్సు కంప్యూటరు దగ్గర ఒక కోడు ఉన్నది, దీపం వెలిగించగలరు" అని ఇంజను కంప్యూటరుకు వచ్చిన కవరింగ్ లెటరు అది. జతపరచిన కాగితం చూడకుండా కవరింగ్ లెటరు మీదనే ఉత్తర్వులు వేసినట్లు, పి-0700 చూసి గేరుబాక్సు మార్చమంటే ఒప్పుకోకూడదు. లోపలి కోడు చదవమని అడగాలి.

పి-0731 అంటే ఒకటో గేరు నిష్పత్తి కుదరలేదు. దీని లెక్క సులువు. నేను చెప్పిన ఎ-604లో ఒకటో గేరు నిష్పత్తి 2.84. లోపలికి వచ్చే ఇరుసు నిమిషానికి 2,840 చుట్లు తిరిగితే బయటకు పోయేది 1,000 తిరగాలి. రెండు సెన్సార్ల అంకెలనూ కంప్యూటరు భాగించి చూస్తుంది. 2.84 రాకపోతే అభ్యంతరం వేస్తుంది. క్లచ్చి పలకలు అరిగి జారినా రాదు, నూనె తక్కువై పట్టు లేకపోయినా రాదు, సెన్సారు తప్పు అంకె పంపినా రాదు. మొదటిది పెద్ద ఖర్చు. మిగిలిన రెండూ సామాన్యం.

పక్కపక్క నంబర్లకు కూడా చాలా తేడా ఉంటుంది. పి-0753 అంటే మొదటి సోలినాయిడుకు కరెంటు దారిలో లోపం. తీగ తెగిందా, కనెక్టరు ఊడిందా అని మీటరుతో చూడాలి. పి-0751 అంటే కరెంటు అందుతున్నా పని జరగలేదు. నూనెలో నలక అడ్డుపడిందా, కవాటం ఇరుక్కున్నదా అని చూడాలి. ఒకటి ఎలక్ట్రీషియను పని, మరొకటి నూనె పని. రెండింటికీ "సోలినాయిడు కోడు" అని ఒకే పేరు చెప్పేవారి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి.

2017 చలికాలంలో మా అబ్బాయి కారుకు ఇటువంటిదే జరిగింది. దీపం వెలిగింది, కారు ఒకే గేరులో ఉండిపోయింది. తీసుకువెళ్లిన వర్కుషాపు వారు పి-0700, పి-0720 అని రెండు కోడ్లు వ్రాసి, గేరుబాక్సు మార్చాలని 3,400 డాలర్లకు ఎస్టిమేటు ఇచ్చారు. "నాన్నగారూ, ఈ కారుకు అంత పెట్టడం కంటే అమ్మేయడం నయం" అన్నాడు అబ్బాయి. 0720 సంగతి ఏమిటని అడిగాను. వారు దాని గురించి ఏమీ చెప్పలేదన్నాడు. పుస్తకం తీసి చూస్తే, బయటకు పోయే వేగం చెప్పే సెన్సారు వలయంలో లోపం అని ఉన్నది. ఆ కాగితం పట్టుకుని ఇద్దరం మరొక చిన్న షెడ్డుకు వెళ్లాము. అక్కడి పెద్దాయన వయసులో నాకంటే కొంచెం చిన్న. కారును పైకెత్తి, లైటు వేసి చూసి, మమ్మల్ని కిందకు రమ్మని పిలిచాడు. మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కనెక్టరులోకి చేరి, పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. సెన్సారు, కనెక్టరు ముక్క మార్చి, కోడు చెరిపి, తానే నడిపి చూసి 180 డాలర్లు తీసుకున్నాడు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకునే పని ఆ రోజు తప్పింది. ఆ కారు ఆ తరువాత నాలుగేళ్లు నడిచింది.

మన పుస్తకం మనం చూడవచ్చునా?

సర్వీసు రిజిస్టరును ఏటా ఉద్యోగికి చూపి సంతకం తీసుకోవాలన్నది మనందరికీ తెలిసిన నియమం. ఆ సంతకం పడని చోట, రిటైరయ్యే ముందు పెన్షను కాగితాల దగ్గర ఎన్ని తంటాలు వచ్చాయో కూడా మనకు తెలుసు. కారు తన గురించి వ్రాసుకునే రిజిస్టరు ఎవరిది? కంపెనీదా, కొన్నవాడిదా? ఈ తగవు అమెరికాలో చాలాకాలంగా ఉన్నది. కాలుష్యానికి సంబంధించిన మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకూ అందాలని 1990 సవరణలలోనే పెట్టారు. మిగతా సమాచారం కోసం మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ప్రజలు ఓటు వేసి "మరమ్మతు హక్కు" సాధించుకున్నారు. దానిని ఆధారం చేసుకుని 2014లో కంపెనీలు దేశమంతటికీ వర్తించే ఒప్పందానికి వచ్చాయి. తరువాత కార్లు తమ సమాచారాన్ని తీగ లేకుండా నేరుగా కంపెనీకే పంపడం మొదలుపెట్టాయి. దాని మీద అదే రాష్ట్రంలో 2020లో మళ్లీ ఓటు జరిగి, నాలుగింట మూడు వంతుల మంది యజమాని పక్షాన నిలిచారు. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. నమోదు చేయడం ఎంత ముఖ్యమో, సంబంధించినవాడు దానిని చదవగలగడం అంతే ముఖ్యమని ఈ చరిత్ర నాకు నేర్పింది.

మన దేశంలో

మన దేశంలో 2010 ఏప్రిల్ నుండి భారత్ స్టేజ్-4 నియమాలతో ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్ నుండి రెండో దశ వచ్చాయి. 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 అమలైంది. ఇక 2014లో మారుతి సెలెరియోతో మధ్యతరగతికి అందే ధరలో ఆటోమేటిక్ కారు వచ్చింది. అయితే అది పైన చెప్పిన టార్క్ కన్వర్టరు రకం కాదు. మామూలు గేరుబాక్సే. క్లచ్చి తొక్కే పనిని, గేరు మార్చే పనిని మన బదులు ఒక యంత్రపు చేయి చేస్తుంది. దీనిని ఏఎంటీ అంటారు. బెల్టుతో నడిచే సీవీటీ, జంట క్లచ్చిల డీసీటీ అని మరి రెండు రకాలు కూడా మన రోడ్ల మీద ఉన్నాయి. వీటి జబ్బులు వేరు, నూనెలు వేరు. కోడు వ్రాసే భాష మాత్రం అదే.

కనుక దీపం వెలిగినప్పుడు మన సభ్యులు, వారి పిల్లలు ఈ వరుస పాటిస్తే మంచిదని నా మనవి.

మొదట, వచ్చిన కోడ్లన్నిటినీ కాగితం మీద వ్రాయించుకోండి. ఒక్కటి కాదు, అన్నీ. కోడు పడిన సమయంలో వేగం, ఇంజను వేడి ఎంత ఉన్నాయో కూడా కంప్యూటరు కొన్ని అంకెలు దాచి ఉంచుతుంది. వాటిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. అవి కూడా వ్రాయించుకోండి.

రెండు, వ్రాయించుకోకముందే కోడు చెరిపివేయనివ్వకండి. చెరిపితే దీపం ఆరుతుంది, దానితో పాటు ఆ అంకెలూ పోతాయి. అది విచారణకు ముందే ఫైలు తగలబెట్టడం వంటిది.

మూడు, తక్కువ ఖర్చు నుండి ఎక్కువ ఖర్చుకు వెళ్లమని చెప్పండి. బ్యాటరీ వోల్టేజీ, ఫ్యూజులు, కనెక్టర్లు, తీగలు ముందు. వాన నీరు, ఎలుకలు మన దగ్గర సామాన్య శత్రువులు. తరువాత నూనె మట్టం, రంగు, వాసన. నూనె పోస్తే కారు పుస్తకంలో వ్రాసిన రకమే పోయాలి. కొన్ని కార్లకు డిప్‌స్టిక్కు ఉండదు, వాటిని షెడ్డులోనే చూడాలి. ఆ తరువాత సెన్సారు, సోలినాయిడు మీటరుతో పరీక్ష. ఇవన్నీ అయిన తరువాతనే గేరుబాక్సు విప్పే మాట.

నాలుగు, ఏ పరీక్ష చేసి ఆ భాగం పోయిందని తేల్చారో అడగండి. "కోడు వచ్చింది కాబట్టి" అన్నది పరీక్ష కాదు.

అయిదు, దీపం వెలిగి కారు ఒకే గేరులో ఉండిపోతే, లేదా నూనె మాడిన వాసన వస్తే, బలవంతాన దూరప్రయాణం చేయకండి. ఆ కుంటి నడక దగ్గరలోని షెడ్డుకు చేరడానికి మాత్రమే ఇచ్చినది.

సాకెట్టుకు తగిలించి ఫోనులో కోడు చూసుకునే చిన్న పరికరాలు బజారులో తక్కువ ధరకే దొరుకుతున్నాయి. మనుమల చేత కొనిపించుకుంటే ఉపయోగమే. అయితే చవక పరికరాలలో చాలావరకు ఇంజను కోడ్ల వరకే చదువుతాయి. పి-0700 అనే కవరింగ్ లెటరు చూపి, లోపలి కాగితం చూపకపోవచ్చు. కొనేముందు గేరుబాక్సు కంప్యూటరును కూడా చదువుతుందా అని కనుక్కోవాలి.

మా ఇంట్లో అల్మారాలో పెన్షను కాగితాల పక్కనే కారుకు కూడా ఒక ఫైలు పెట్టాను. నూనె మార్చిన తేదీ, పోసిన రకం, వచ్చిన కోడు, చేసిన పని, ఇచ్చిన సొమ్ము అన్నీ అందులో వరుసగా ఉంటాయి. మన సభ్యులలో రవాణా శాఖలో గానీ, ఆర్టీసీ వర్కుషాపులలో గానీ పనిచేసిన మిత్రులు చాలామంది ఉన్నారు. వారు ఈ విషయమై తమ అనుభవాలు వ్రాసి సంఘ కార్యాలయానికి పంపితే వచ్చే సంచికలో అందరికీ ఉపయోగపడతాయని విన్నవించుకుంటున్నాను.

శుభం.